ట్రాలీ కొనేముందు క్యాబిన్, బాడీ సంగతి తేల్చుకోండి

మిర్చి డబ్బులు చేతికొచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో మా షాపుకు వచ్చేవాళ్లలో కొందరు పైపుల ధర అడిగి, ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు. "అన్నా, ట్రాలీ తీస్కుందామనుకుంటున్న, ఏది మంచిగుంటది?" అంటారు. ట్రాలీ అంటే మా వైపు బొలేరో లాంటి సరుకు పికప్ బండి, బాడీ అంటే దాని వెనక సరుకు వేసే భాగం. నాది నర్సంపేట రోడ్డులో బోరు మోటార్లు, పైపుల షాపు. నా బండ్లు రోజూ ఊళ్లు తిరుగుతుంటాయి కాబట్టి నన్ను అడగడం సహజమే. అడిగే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అవే: మైలేజీ ఎంత, ఫైనాన్స్‌కు వడ్డీ ఎంత, మళ్లీ అమ్మితే ఎంతొస్తది. క్యాబిన్ ఏది, బాడీ ఎన్ని అడుగులు అనే మాట షోరూంలో నిలబడ్డాక గానీ రాదు, అప్పుడు కూడా స్టాకులో ఏది ఉంటే దానికే సరే అనేస్తారు. నాలుగైదేళ్లు కిస్తీలు కట్టాల్సిన బండికి ఇది చాలా పెద్ద పొరపాటు. ఇంజిన్ చాలా మోడళ్లలో ఒకటే ఉంటుంది, మైలేజీలో తేడా నడిపేవాడి కాలిని బట్టి, ఎక్కించే లోడును బట్టి వస్తుంది. క్యాబిన్, బాడీ మాత్రం ఒకసారి తీసుకున్నాక మారవు, అమ్ముకునేదాకా వాటితోనే బతకాలి.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఒక బండికి ఛాసిస్ (కింద ఉండే ఇనుప చట్రం) పొడవు ఒకటే, దాన్ని క్యాబిన్, బాడీ పంచుకుంటాయి. వెనక ఇంకో వరస సీట్లు కావాలంటే ఆ మేరకు బాడీ తగ్గుతుంది. బొలేరో మ్యాక్స్ పికప్‌నే తీసుకుంటే, 2023 నుంచి సిటీ, హెచ్‌డీ అని రెండు రకాలున్నాయి. సింగిల్ క్యాబిన్‌తో సిటీలో ఎనిమిదడుగుల పైచిలుకు బాడీ, హెచ్‌డీలో తొమ్మిదడుగులది ఒకటి, పదడుగులది ఒకటి. మోసే బరువు 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా. అదే బొలేరో క్యాంపర్ తీసుకుంటే డబుల్ క్యాబిన్, డ్రైవరు కాక ఇంకో నలుగురు దర్జాగా కూర్చుంటారు. కానీ వెనక మిగిలే బాడీ ఐదడుగులకు అటూఇటూ, మోసేది దాదాపు ఒక టన్ను. టాటా యోధాలోనూ ఇంతే, సింగిల్ క్యాబ్ రెండు టన్నుల దాకా మోస్తుంది, క్రూ క్యాబ్ (డబుల్ క్యాబిన్) తీసుకుంటే మోసే బరువూ తగ్గుతుంది, బాడీ పొడవూ తగ్గుతుంది. ఏ కంపెనీ తీసుకున్నా ఈ లెక్క తప్పదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు ఎక్కువగా ఎక్కించేది బరువు సరుకా, జాగా సరుకా?

సిమెంటు బస్తా 50 కిలోలు. 1.7 టన్నుల బండిలో చట్టప్రకారం పట్టేది 34 బస్తాలు. తొమ్మిదడుగుల బాడీలో 34 బస్తాలు పేర్చి చూడండి, రెండు వరసల ఎత్తులోనే అయిపోతాయి. ఇంకా బోలెడు జాగా కనిపిస్తుంటుంది. ఆ ఖాళీ చూసే ఓనర్లకు ఇంకో పది బస్తాలు వేయబుద్ధవుతుంది. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, రెండు టన్నుల బండికి 44 బస్తాలతో లెక్క సరి. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో వడ్ల బస్తా 40 కిలోల తూకం, గోనె సంచి బరువు పక్కన పెడితే అదే రెండు టన్నుల బండికి 50 బస్తాలు. ఇవన్నీ బరువు సరుకులు. వీటికి బాడీ పొడవు పెరిగితే ఒరిగేదేమీ లేదు, మోసే టన్నులు పెరగాలి. సిమెంటు, ఇనుము, ఎరువులు, టైల్స్ వేసేవాళ్లు పదడుగుల బాడీ కోసం వెంపర్లాడక్కర్లేదు. తొమ్మిదడుగులదే మంచిది, సరుకు ముందుకు జరిగి కుదురుగా కూర్చుంటుంది.

మిర్చి కథ వేరు. బస్తా తూకం నలభై కిలోల పైనే గానీ, అది ఆక్రమించే జాగా యూరియా బస్తాకు రెండింతలు పైమాటే. చపాటా లాంటి లావు కాయ అయితే మరీనూ. తొక్కి నింపితే కాయ పగిలి రేటు పోతుంది కాబట్టి ఎవరూ గట్టిగా కుక్కరు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాలీలను గేటు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, ముప్పై బస్తాలు పడేసరికే క్యాబిన్ కంటే ఎత్తు లేచి తాళ్లు బిగిస్తుంటారు, అప్పటికి బరువు 1.3 టన్నులు కూడా సరిగ్గా కాదు. పత్తి బోరాలు, ఖాళీ కూరగాయల క్రేట్లు, ఫర్నిచరు, పరుపులు, డ్రిప్ పైపు చుట్టలు, ఇవన్నీ జాగా సరుకులే. వీటికి పదడుగుల బాడీ ఉంటే ఒక వరస అదనంగా కిందే పడుతుంది, ఎత్తు తగ్గుతుంది, మూలమలుపులో బండి ఊగదు. నర్సంపేట, చెన్నారావుపేట, నెక్కొండ వైపు మిర్చి, పత్తి కిరాయిలే ప్రధానం అనుకునేవాళ్లకు నేను కళ్లు మూసుకుని పదడుగులదే చెప్తాను. పత్తి మరీ ఎక్కువగా పోసేవాళ్లైతే ట్రాలీ ఆలోచనే మాని డీసీఎం (ట్రాలీ కంటే పెద్ద సరుకు బండి) కిరాయికి మాట్లాడుకోవడం మేలు.

నా వ్యాపారంలో అన్నిటికంటే తేడా చూపించేది బోరులో దింపే కాలమ్ పైపు. ఒక్కో పైపు మూడు మీటర్లు. హెచ్‌డీ పెద్ద బాడీ లోపలి పొడవు 3050 మిల్లీమీటర్లు. అంటే పైపు పెట్టి వెనక డోరు మూసేస్తే చివర్లో రెండు వేళ్ల సందు మిగులుతుంది. పైపు కొనకున్న మరలు డోరు రేకుకు రాసుకోకుండా మేం గోనె పట్టా మడిచి ఆ సందులో పెడతాం. ఎంత గతుకు రోడ్డయినా పైపు కదలదు, మర దెబ్బతినదు. మర చివర కొంచెం చిట్లినా ఆ పైపు బోరులో దింపడానికి పనికిరాదు, దింపితే మోటారుతో సహా లోపల జారిపోయే ప్రమాదం. ఇక తొమ్మిదడుగుల బాడీలో అదే పైపు వేస్తే జానెడు బయటికి వస్తుంది. డోరు వేలాడదీసి, తాడు కట్టి, కొసకు ఎర్రగుడ్డ చుట్టి నడపాలి. ఒక జానెడే కదా అనిపిస్తుంది. వెనక వచ్చే బైకు వాడికి రాత్రిపూట ఆ జానెడు కనిపించదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో సరుకు పక్కలకో, ముందుకో, వెనక్కో పొడుచుకొస్తే ఇరవై వేల జరిమానా అని విడిగా రాశారు, ఓవర్‌లోడుకు ఇరవై వేలు, ఆ పైన ప్రతి టన్నుకు రెండు వేలు అన్నదానికి ఇది అదనం. అందుకే మీ సరుకులో పొడవైన వస్తువు ఏదో, దాన్ని టేపుతో కొలుచుకుని షోరూంకు వెళ్లండి. బ్రోచర్లో అంకె చూసి ఊరుకోకుండా బాడీ లోపల, అడుగున, ముందు రేకు నుంచి మూసిన డోరు దాకా కొలవండి. ఆరు మీటర్ల పీవీసీ పైపులు ఎలాగూ ఏ బాడీలోనూ పట్టవు, వాటికోసం పెద్ద బాడీ కొనడం దండగ. అవి డీలర్ దగ్గరి నుంచి పెద్ద లారీలో షాపుకు దిగాలి, అక్కడి నుంచి రైతుకు కావాల్సిన ముక్కలుగా కోసి పంపాలి.

మరి మనుషుల సంగతి? ఇక్కడే నాకు మనసులో ఎప్పుడూ గుంజాటన. బోరులోంచి మోటారు తీయాలంటే కనీసం నలుగురు మనుషులు కావాలి. మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, క్లాంపులు, కేబుల్ చుట్ట, కొత్త మోటారు, ఇవన్నీ వెంట పోవాలి. మనుషుల్ని చూస్తే డబుల్ క్యాబిన్ కావాలి, పైపుల్ని చూస్తే పదడుగుల బాడీ కావాలి. రెండూ ఒకే బండిలో రావు. చాలామంది దీనికి కనిపెట్టిన ఉపాయం సింగిల్ క్యాబిన్ కొని మనుషుల్ని వెనక పైపుల మీద కూర్చోబెట్టడం. అది మాత్రం చేయొద్దని నా దగ్గరకు వచ్చే ప్రతి మెకానిక్‌కూ చెప్తాను. మేం చేసేది ఇలా: మోటారు మరమ్మతు పనికి క్యాంపర్, పైపుల డెలివరీకి సింగిల్ క్యాబిన్ పెద్ద బాడీ. మరమ్మతులో పాత పైపులే ఎక్కువగా మళ్లీ దింపుతారు కాబట్టి క్యాంపర్‌లో ఐదడుగుల బాడీ సరిపోతుంది, మోటారు, పుల్లీ, కేబుల్ అన్నీ ఒద్దికగా పడతాయి. స్టాండు కాళ్లు, అవసరమైన రెండు మూడు పైపులు పైన క్యారియర్ మీద. ఒకే బండి కొనగలిగే మెకానిక్ అయితే క్యాంపర్ తీసుకుని, పైపులు షాపు వాళ్లనే దింపమనడం నయం. పైపు కిరాయి వేరేవాడికి ఇవ్వొచ్చు, మనుషుల ప్రాణం వేరేవాడి పూచీ మీద పెట్టలేం.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మిర్చి ఏరే రోజుల్లో పొద్దున్నే మా రోడ్డు మీద నిలబడితే ట్రాలీల వెనక ఇరవై మంది, ముప్పై మంది ఆడవాళ్లు నిలబడి, సద్ది గిన్నెలు పట్టుకుని పోతుంటారు. మేడారం జాతర వస్తే ములుగు రోడ్డు పొడవునా ట్రాలీల నిండా కుటుంబాలే, బంగారం (అమ్మవార్లకు మొక్కే బెల్లం) బుట్టలు, కోళ్లు, చంటిపిల్లలు అంతా కలిసి. సరుకు బండి వెనక పట్టుకోవడానికి ఏముంటుంది? బాడీ పక్క రేకు మోకాలి పైదాకా వస్తుంది, నిలబడ్డ మనిషికి అది ఆసరా కాదు, బ్రేకు కొడితే అదే కాళ్లకు తగిలి బయటికి పడేస్తుంది. ఇన్సూరెన్స్ కూడా రాదు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పింది. సరుకు యజమానో, ఆయన తరఫు మనిషో సరుకుతో పాటు ప్రయాణిస్తే చట్టంలో రక్షణ ఉంది, అది కూడా క్యాబిన్‌లో, ఆర్‌సీలో రాసినన్ని సీట్ల మేరకే అనుకోండి. ప్రమాదం జరిగితే బాధిత కుటుంబాలకు ఇవ్వాల్సిన సొమ్ము బండి ఓనరు ఇల్లూ పొలమూ అమ్మి ఇవ్వాలి. పోయిన మనుషులు ఎలాగూ తిరిగిరారు. "కూలీలను కూడా తెచ్చుకోవచ్చు కదా అన్నా, పెద్ద బాడీ అయితే" అని ఎవరైనా అంటే ఆ బేరం అక్కడే ఆపమంటాను. కూలీల కోసం సీట్లున్న ఆటోనో, జీపో మాట్లాడుకోండి, ట్రాలీ సరుకుకే.

బరువు దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే బ్రోచర్లో రాసిన టన్నులు మీ చేతికొచ్చే టన్నులు కావు. బండి మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ ఆర్‌సీలో ఉంటాయి, ఆ రెండింటి తేడానే మీరు మోయగలిగేది. బండి దిగిన వారంలోపే చాలామంది షెడ్డుకు తీసుకుపోయి పక్కలకు ఇనుప జాలీ పెంచుతారు, ముందు బంపర్‌కు గొట్టాలు వేయిస్తారు, అడుగున మందం రేకు పరుస్తారు, పైన క్యారియర్, టార్పాలిన్, దానికి పైపులు. ఇవన్నీ బరువే, ఇవన్నీ మీ లోడులోంచే పోతాయి. క్యాబిన్‌లో కూర్చున్న హమాలీ కూడా లెక్కలోనే. పని పూర్తయ్యాక ఖాళీ బండిని ఒకసారి కాంటా మీద పెట్టి చీటీ తీసుకుని డాష్‌బోర్డులో పెట్టుకోండి, ప్రతి లోడుకూ అదే ఆధారం. ఆర్‌సీలో లేని మార్పులు చేయిస్తే ఫిట్‌నెస్‌కు పోయినప్పుడు ఇబ్బంది వస్తుంది, కొత్త బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుందన్నది మరిచిపోవద్దు. వెనక కమాన్ పట్టీలు (యాక్సిల్ దగ్గర బరువును ఆపే స్ప్రింగు పట్టీలు) అదనంగా వేయిస్తే బండి ఎక్కువ మోస్తుందని ఒక నమ్మకం ఉంది. పట్టీ వేస్తే వెనక కిందికి దిగడం తగ్గుతుంది, అంతవరకే. బ్రేకులు, యాక్సిల్, టైర్లు పాతవే కదా, అవి ఎంత మోయాలో కంపెనీ లెక్క కట్టి ఇచ్చింది.

పెద్ద బాడీతో ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ చెప్పరు. పొడవు పెరిగినప్పుడు బాడీలో కొంత భాగం వెనక చక్రాలు దాటి వేలాడుతుంది. అక్కడ బరువు పడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, లైట్లు చెట్ల మీదికి కొడతాయి. హమాలీలు సహజంగా డోరు దగ్గర దింపడానికి వీలుగా ఉండేదే ముందు చూస్తారు, బరువైన మోటారు డబ్బాలు వెనకే వదిలేస్తారు. బరువు సరుకు ముందు రేకుకు ఆనించి, అక్కడి నుంచి వెనక్కి పేర్చుకుంటూ రావాలి, తేలిక సరుకు డోరు వైపు. పాకాల వైపు ఎత్తు పల్లాల్లో ఈ తేడా డ్రైవరు చేతికి వెంటనే తెలుస్తుంది.

వరంగల్ బట్టల బజారులోనో, చౌరస్తా సందుల్లోనో రోజూ సరుకు దింపే వాళ్లకు ఇదంతా వర్తించదు. అక్కడ ఎనిమిదడుగుల సిటీ బండే హాయి, పెద్ద బాడీతో మలుపు తిరగడానికి రెండుసార్లు వెనక్కి ముందుకూ చేస్తుంటే వెనక హారన్ల మోత ఆగదు. పొలం గట్టు మీద తిప్పుకోవడం కూడా అంతే. ఊళ్లోంచి చేను దాకా పోయే బాట ఇరుకైతే పదడుగుల బండి వానాకాలంలో రోడ్డు మీదే ఆపి, అక్కడి నుంచి ట్రాక్టరో ఎడ్ల బండో పెట్టాలి. మీ ఇంటి వాకిలి, గోదాం గేటు కూడా కొలుచుకోండి.

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఫోర్డ్ ఎఫ్-250 లాంటి హెవీ డ్యూటీ పికప్‌లలో క్యాబిన్ మూడు రకాలు, రెగ్యులర్, వెనక చిన్న సీట్లున్న ఎక్స్‌టెండెడ్, నాలుగు పెద్ద డోర్ల క్రూ క్యాబ్. బాడీ కూడా దాదాపు ఏడడుగులది, ఎనిమిదడుగులది అని రెండు. "మీకేంది బావా, ఎందుకు తిప్పలు, పెద్ద క్యాబిన్, పెద్ద బాడీ రెండూ ఉన్నది తీస్కోరాదు" అన్నాడు ఫోన్లో. అక్కడ అలా దొరుకుతుంది నిజమే, కానీ ఆ రెండూ పెద్దవి తీసుకుంటే బండి పొడవు దాదాపు 22 అడుగులు. అది మన నర్సంపేట బస్టాండు దగ్గర తిరగదు. ఇంకో తేడా ఉంది. ఆ బండ్లలో బాడీ లోపలికి చక్రాల గుబ్బలు పొడుచుకొస్తాయి, వాటి మధ్య ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు పట్టేంత జాగా వదులుతారు. మన దగ్గర అమ్మే ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్‌లోనూ గుబ్బలుంటాయి, బాడీ ఐదడుగులకు అటూఇటూ. కుటుంబంతో తిరుగుతూ అప్పుడప్పుడు సామాను వేసుకునే వాళ్లకు అవి మంచి బండ్లే, కిరాయి పనికి కావు. మన ట్రాలీలకు బాడీ చక్రాల పైన ఉంటుంది, అడుగు చదును, వెడల్పు ఐదున్నర అడుగులు, మూడు వైపులా రేకు దించొచ్చు. బస్తాలు పక్క నుంచి కూడా ఎక్కించుకోవచ్చు, హమాలీకి అది ఎంత సుఖమో మార్కెట్లో చూడండి. రేకు దిగని బాడీ చూపిస్తే వద్దనండి.

డ్రైవరు కూర్చునే చోటు గురించి రెండు మాటలు. ఓనర్లు బాడీని గంటసేపు చూస్తారు, క్యాబిన్‌లోకి ఒక్కసారి ఎక్కి దిగరు. ఏప్రిల్, మే ఎండల్లో ఎనుమాముల లైన్లో తన వంతు కోసం డ్రైవరు గంటలు గంటలు ఆ క్యాబిన్‌లోనే ఉంటాడు. సీటు వెనక్కి జరుగుతుందా, పొడుగు మనిషికి మోకాళ్లు డాష్‌బోర్డుకు తగులుతున్నాయా, నీళ్ల సీసా, చీటీలు పెట్టుకోవడానికి అర ఉందా చూడాలి. ఏసీ ఉన్న మోడల్‌కు ఇంకొంత పెట్టగలిగితే పెట్టండి. డ్రైవరును వెంటబెట్టుకుని షోరూంకు పోండి, కూర్చోబెట్టి తనకెలా ఉందో అడగండి. లైసెన్సు గురించి కూడా చాలామందికి టెన్షన్ ఉంది. 7,500 కిలోల లోపు రవాణా బండి నడపడానికి ఎల్ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది, మన ట్రాలీలన్నీ దానికి చాలా కిందే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. బాడీని షెడ్డులో పొడిగించిన బండ్లు తిరుగుతున్నాయి. ఆర్‌సీలో ఉన్న మోడల్‌కు కంపెనీ ఇచ్చే బాడీ ఎన్ని అడుగులో ముందు తెలుసుకుని, టేపు పెట్టి కొలవండి. తేడా వస్తే వదిలేయండి. తర్వాత కిందికి దూరి వెనక యాక్సిల్ పైన, బాడీ బోల్టుల దగ్గర ఛాసిస్‌కు వెల్డింగ్ మచ్చలు, కొత్త పెయింట్ అతుకులు ఉన్నాయేమో చూడండి. కమాన్ పట్టీలు లెక్కపెట్టి అదే మోడల్ కొత్త బండితో పోల్చండి. పట్టీలు ఎక్కువుంటే అది ఓవర్‌లోడుతో తిరిగిన బండి అనుకోవచ్చు. వాళ్లు ఏ సరుకు వేశారో అడిగితే ఎవరూ నిజం చెప్పరు గానీ, బాడీ మూలల్లో చెప్తుంది, ఇసుకా, ఎర్రమట్టా, మిర్చి గింజలా అని. మిర్చి గింజలుంటే కాస్త ధైర్యంగా బేరమాడండి. ఇసుక ఉంటే మెకానిక్‌ను పిలవకుండా అడ్వాన్సు ఇవ్వకండి.